యాడి విడిచిన చేను

హైదరాబాద్,
ఆగస్టు 2003

ప్రియమైన ఉషారాణి టీచరుకు,

మీ లాలి నమస్కారాలు. మీరు నన్ను భద్రాచలంలో బస్సెక్కించి నెల దాటింది. మంచి కబురు ఒక్కటైనా దొరికితే రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. దొరకలేదు. ఉన్నదే రాస్తున్నాను.

ఇక్కడ డిప్లొమా క్లాసులో చాలామందికి ఇంట్లోనే కంప్యూటర్ ఉంది. నాకు తెలిసింది మన ఆశ్రమ పాఠశాలలో ఉన్న ఆ ఒక్కటే. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, దాని మీది దుప్పటి తీసి, మీరు నా వేళ్లు పట్టుకుని నేర్పిందే నా విద్య. మొన్న సార్ ఏదో అడిగితే లేచి, "గట్ల చేస్తే ఆడనే ఆగిపోతది సార్" అన్నాను. జవాబు సరైనదే. అయినా క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి నోరు విప్పడం లేదు. మొదటి పరీక్ష తప్పాను.

మా యాడి ఎలా ఉంది టీచర్? నేను బయల్దేరిన రోజు కన్నతల్లి అయ్యుండి గడప దాటి బయటికి రాలేదు. వెదురు లారీ తిరగబడి నాన్న పోయాక, అడవి కొట్టి సాగు చేసుకున్న ఆ పోడు చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. పక్కన ఉండాల్సినదాన్ని వచ్చేశాను. వాపస్ వచ్చేయాలని ఉంది. మీరు "రా" అని రాస్తే చాలు.

మీ
లాలి


సారపాక,
సెప్టెంబరు 2003

చిరంజీవి లాలిని దీవించి రాయునది,

"రా" అని రాయను. వంద ఉత్తరాలు రాసినా రాయను.

మా నాన్న కొత్తగూడెంలో బొగ్గు గని కార్మికుడు. ఆడపిల్లకు లెక్కలెందుకని అందరూ అంటే, "అన్నం లెక్కనే ఇది గూడ కావాలె" అన్నాడట. ఆ ఒక్క మాట మీద నేను ఇంతదూరం వచ్చాను. వాళ్లు నవ్వితే నవ్వనీ. నీ జవాబు సరైనదైతే నీ మాట తీరు ఎవడికి కావాలి? మళ్లీ చెయ్యెత్తు.

శనివారం ఆటోలో మీ ఎర్రగుట్ట తండాకు వెళ్లాను. మీ అమ్మ సోమ్లి చేలో కలుపు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏంది పంతులమ్మా, నా బిడ్డను మీ యేసు కాడికి తోలినవా?" అంది.

"లేదు సోమ్లీ, కంప్యూటర్ కాడికి తోలిన" అన్నాను.

"గది గూడ దేవుడేనా?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. వచ్చేటప్పుడు మాత్రం కొంగులో కందికాయలు పోసి, "తింటున్నదా అది?" అని అడిగింది. సీత్లా మాతకు నీ పేరున మొక్కుకుందట. నేను రోజూ ప్రభువుకు నీ పేరు చెబుతున్నాను. ఇద్దరి కాపలాలో ఉన్నావు, భయపడకు. పండగలకని పరుగెత్తుకు రాకు. ముందు చదువు.

ప్రేమతో,
ఉషారాణి


హైదరాబాద్,
ఏప్రిల్ 2005

ప్రియమైన టీచరుకు,

నాకు ఉద్యోగం వచ్చింది! మ్యాపుల కంపెనీ. పాత సర్వే పటాలను తెర మీద పెట్టి, ప్రతి గట్టు, ప్రతి వాగు వెంట చుక్కలు పెడుతూ గీయాలి. పదిమందిలో నా గీతే నిలకడగా ఉందని పెద్ద సార్ అన్నాడు. చివరి పరీక్షకు ముందు సీత్లాను తలుచుకున్నాను, మీరు నేర్పిన ప్రార్థనా చెప్పుకున్నాను. ఎవరు కరుణించారో మీరిద్దరూ తేల్చుకోండి.

ఇప్పుడొక్కటే కోరిక. బోరబండలో గది కిరాయికి తీసుకున్నాను. యాడిని ఇక్కడికి తెచ్చుకుంటాను. ఆ పోడులో ఏముంది టీచర్? పంట సగం అడవిపందులకు, మిగిలిన సగం భయానికి. ఏటా ఫారెస్టోళ్లు వచ్చి దున్నొద్దంటారు. నేను చెబితే వినదు. మీరు చెబితే వింటుంది. నాకోసం ఒక్కసారి వెళ్లండి.

మీ
లాలి


సారపాక,
మే 2005

ప్రియమైన లాలికి,

వెళ్లాను. నాలుగుసార్లు వెళ్లాను. చివరికి ఒప్పుకుంది.

"చేను ఏం గావాలె పంతులమ్మా? ఒక్క ఏడు ఇడిస్తే అడివి మింగుతది" అంది. పక్కనే మీ బాబాయి వరుస రెడ్యా ఉన్నాడు. సెంటు భూమి లేక ముగ్గురు పిల్లలతో కూలికి తిరిగే మనిషి కదా. "నేను దున్నుకుంట వదినా, నువ్వు పో" అన్నాడు. ఆమె నాగలి తీసుకెళ్లి అతని గుడిసె ముందు పెట్టి వచ్చింది.

ఈ నెలాఖరున నేనే బస్సెక్కిస్తాను. స్టాండులో ఎదురు చూడు. ఆమెకు తెలుగు బోర్డులు కూడా చదవడం రాదు, మరిచిపోకు.

ప్రేమతో,
ఉషారాణి


హైదరాబాద్,
నవంబరు 2006

ప్రియమైన టీచరుకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోపగించుకోకండి. పని బాగా పెరిగింది. టీమ్ లీడర్‌ని చేశారు. ఆఫీసు కంప్యూటరొకటి ఇంటికే ఇచ్చారు. వచ్చాక కూడా అదే పని.

యాడి బాగానే ఉంది. గ్యాస్ పొయ్యి నేర్చుకుంది. కాకపోతే మాటలు తగ్గిపోయాయి. నేను వచ్చేసరికి అన్నం వండిపెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఏమైందంటే "ఏం గాలే" అంటుంది. డాక్టరుకు చూపించాను, జబ్బేమీ లేదన్నాడు. వర్షం పడ్డ రోజు మాత్రం మెట్ల మీద నిలబడి లోపలికి రాదు. చేను మీద బెంగ అనుకుంటాను. కాలం గడిస్తే అదే తగ్గుతుంది కదా?

మీ
లాలి


సారపాక,
ఏప్రిల్ 2008

ప్రియమైన లాలికి,

ఇది ఫోన్‌లో చెప్పగలిగే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

పోడు చేసుకునే గిరిజనులకు ఆ భూమి మీద హక్కు ఇచ్చే చట్టం వచ్చిందని నీకు తెలిసే ఉంటుంది. 2005 డిసెంబరు నాటికి ఎవరు సాగులో ఉంటే వాళ్లకే. సోమ్లి చేను విడిచింది ఆ ఏడు ఎండాకాలంలోనే. ఇంకొక్క పంట ఆగి ఉంటే ఆ చేను ఆమె పేరున వచ్చేది. ఆగనివ్వకుండా బయల్దేరదీసింది నేనే. నీ మంచికని, ఆమె మంచికని. ఈమధ్య ప్రార్థనకు కూర్చుంటే ముందు ఈ మాటే వస్తోంది.

నిన్న రెడ్యా వచ్చాడు. "పంతులమ్మా, అది వదిన చేను. ఆమె పేరే రాయిస్త. తండా అంత గట్లనే చెప్తది" అన్నాడు. అతని పెద్దపిల్ల నా క్లాసులోనే చదువుతోంది. చాయ్ ఇచ్చి పంపాను.

మన మండలంలో కొలతలకు మీ కంపెనీ వాళ్లే వస్తున్నారట కదా. నువ్వు వస్తావా? వస్తే సోమ్లిని వెంట తీసుకురా. ఏం చేయాలో నేను చెప్పలేను. మీరే తేల్చుకోవాలి.

ప్రేమతో,
ఉషారాణి


హైదరాబాద్,
జూన్ 2008

ప్రియమైన టీచరుకు,

తండా నుంచి వచ్చి వారమైంది. మీ ఇంటి ముందునుంచే బస్సులో వచ్చాను. దిగలేకపోయాను. మిమ్మల్ని చూస్తే ఏడుస్తానని.

ఎర్రగుట్ట కొలతలు నాకే ఇమ్మని అడిగి తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, చేను యాడి పేరున రాయించాలనే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. రెడ్యా ఒప్పుకున్నాడు, తండా ఒప్పుకుంది, జీపీఎస్ మెషీన్ నా చేతిలో ఉంది. గ్రామసభలో అధికారి ఆ చేను దగ్గరికొచ్చి "ఇది ఎవరు దున్నుతున్నారు?" అన్నాడు. రెడ్యా లేచి, "మా వదిన, సోమ్లి" అన్నాడు. ఆడవాళ్ల మధ్యలోంచి యాడి లేచింది.

"అబద్ధం సారూ. నేను ఇడిసిపెట్టి పోయిన. దున్నింది గీ రెడ్యానే. ఆని పేరే రాయుండ్రి."

రెడ్యా తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు చేను చుట్టూ నేనే నడిచాను. చెట్ల కింద సిగ్నల్ అందక చాలాచోట్ల ఆగాల్సి వచ్చింది. ఆగిన ప్రతిచోటా యాడి కూడా ఆగింది. రైతు పేరు అని ఉన్నచోట "రెడ్యా" అని నేనే కొట్టాను.

ఆ సాయంత్రం కోపం ఆపుకోలేక అడిగాను. "ఈ చేను కోసమే కదా యాడీ, అక్కడ మూడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావు! వచ్చే దాన్ని ఎందుకు వద్దన్నావు?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"చేను కోసమా? చేను ఇడిసిన్నాడే ఇడిసిన. ఆని పిల్లలు దాని మీద అన్నం తింటున్నరు, గది చాలు. నీ మీద పాణం గొట్టుకుంటే వచ్చిన బిడ్డా. నువ్వేమో పొద్దంత ఆఫీసు, ఇంటికొస్తే గా డబ్బ. అన్నం తింటవ్, పంటవ్. ఆడ నాకు నువ్వు తప్ప మాట్లాడేటోళ్లు ఎవ్వరున్నరు? మూడేండ్లు నీ ఈపే చూసిన."

టీచర్, బోరబండ గదిలో నా బల్ల గోడ వైపు ఉంటుంది. ఆమె నా వెనక కూర్చునేది. చేను మీద బెంగ అని మీకు రాశాను, డాక్టరుకూ అదే చెప్పాను. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా తన వైపు తిరిగి కూర్చుని అడగలేదు.

ఆమె తిరిగి రానంది. రెడ్యా వాళ్ల పక్కన గుడిసె బాగు చేసుకుంటోంది. పిల్లలు చుట్టూ చేరితే గలగలా మాట్లాడుతోంది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో నాకు.

బస్సు దగ్గరికి వచ్చింది. "నువ్వు రాకపోతే నేనే వస్తాను యాడీ, నెలనెలా వస్తాను" అన్నాను. "రా. వచ్చినప్పుడు గా మిషిన్ తేకు" అంది. ఇంకేదో చెప్పబోయింది. అంతలో నా ఫోన్ మోగింది. ఆఫీసు. రెడ్యా చేను కొలతల్లో ఏదో తేడా ఉందట. అలవాటుగా అటు తిరిగి మాట్లాడాను.

ఫోన్ పెట్టేసి చూసేసరికి ఆమె గుట్ట మలుపు దాటిపోయింది. ఏం చెప్పబోయిందో నాకు తెలియదు.

మీ
లాలి