గీయని గది

ప్రియమైన పొడుగూ,

కొత్త ఆసుపత్రిలో డ్యూటీలు ఎలా ఉన్నాయో నువ్వు రాయలేదు. తీరిక లేదనుకుంటాను. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిని చెరిసగం పంచుకున్నాం కాబట్టి, ఇంకెవరికీ చెప్పుకోలేని మాట నీకు రాస్తున్నాను.

మా ఆఫీసులో నిరాడంబరమైన ఇళ్ళు గీస్తాం. లోపల అవసరమైనవే ఉండాలి, బయట ఒక్క నగిషీ కూడా కనిపించకూడదు. మా మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చి పెన్సిలు అందుకుని, "ఈ గోడ లేకపోతే ఎవరికి నష్టం?" అని అడుగుతుంది. నేను జవాబు చెప్పలేకపోతే గోడ పోతుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ఏమేం తీసేయవచ్చో నా కళ్ళే వెతుకుతున్నాయి. నేనుండే అద్దె గదిని చూస్తే మేడమ్ మెచ్చుకుంటుందేమో. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు రెండు మేకులు. ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోతుంది. సోమవారం ఆఫీసులో మొదటి మాట అనబోతే గొంతు బొంగురుగా పలుకుతుంది.

నాన్న ఇల్లు కట్టిస్తున్నాడు. పంక్చర్ల షాపు వెనక రెండు అద్దె గదుల్లో మేమంతా ఎలా సర్దుకున్నామో నీకు తెలుసు. "ప్లాను నువ్వే గియ్యాలి తల్లీ. మన ఇంట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే, ఇంకెవర్ని అడుగుతాం" అన్నాడు. ఇంకే ఇంటికీ పడనంత కష్టం ఇష్టంగా పడ్డాను. బయట మామూలు తెల్లగోడలు, ఎండ పడకుండా చూరు. ఈ చివర వచ్చిన గాలి ఆ చివర పోయేలా ఎదురెదురు కిటికీలు. అమ్మానాన్నలకు ఒక గది, అన్నయ్యకూ వదినకూ ఒక గది, వంటిల్లు, మధ్యలో హాలు.

నాకు గది గీయలేదు.

మరిచిపోయి కాదు. ముందు గీశాను. తర్వాత మేడమ్ ప్రశ్న నాకు నేనే వేసుకుని చెరిపేశాను. "నీ గదేదే?" అని ఒక్కరైనా అడుగుతారని, అప్పుడు "అయ్యో, మరిచిపోయాను" అని నవ్వి గీసేద్దామని అనుకున్నాను.

నాన్న ఫోన్ చేశాడు. "చూశామమ్మా. బాగుంది. మేస్త్రీకి ఇచ్చేశాను" అన్నాడు. ఆ తర్వాత షాపులో ఎవరో వచ్చారని పెట్టేశాడు.

నీ
రూళ్ళకర్ర


పొడుగూ,

నీ ఉత్తరం అందింది. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అని తేలిగ్గా రాసేశావు. మీ ఇంట్లో నీకు అడిగే అలవాటుంది. నా ఫీజులకు నాన్న, అమ్మ, అన్నయ్య ఎన్ని మానుకున్నారో చూస్తూ పెరిగినదాన్ని. ఇంకా కావాలని ఏ నోటితో అడగను?

అడిగేవాళ్ళు మా ఇంట్లో లేకపోలేదు. వదిన రోజు విడిచి రోజు ఫోన్ చేస్తోంది. "అమ్మాయ్, వంటింట్లో అటక గీయలేదేం? డబ్బాలు నెత్తిన పెట్టుకుని తిరగాలా?" అంటుంది. అటక గురించి అడుగుతుంది, సింకు గురించి అడుగుతుంది. నా గది గురించి తనూ అడగదు.

మా ఆఫీసు చాలా దూరంలో ఇంకో శాఖ తెరుస్తోంది. ఎవరు వెళ్తారని మేడమ్ అడిగితే నేను చెయ్యెత్తాను. ఇక్కణ్ణించి ఇంటికి పూట ప్రయాణం. అక్కణ్ణించి అయితే ఏడాదికి ఒకసారి వస్తానేమో. స్థలంలో ముగ్గు పోసి పునాది గీతలు వేసే రోజు రమ్మన్నాడు నాన్న. వెళ్ళి, ఆ మాట కూడా చెప్పి వచ్చేస్తాను. నాకు చోటు లేని ఇంటికి నేనెంత దూరంలో ఉంటే మాత్రం ఏం?

నీ
రూళ్ళకర్ర


నా పొడుగూ,

వెళ్ళొచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను చేరేసరికి మేస్త్రీ తెల్లముగ్గుతో సగం ఇల్లు గీసేశాడు. వదిన వంటింటి గీతల మధ్య నిలబడి చేతులు చాచి, "చూడు, ఇటు తిరిగితే పొయ్యి, అటు తిరిగితే గోడ. నేను ఒళ్ళు చేస్తే ఈ ఇల్లు మళ్ళీ కట్టాలి" అంటోంది. అన్నయ్య నవ్వుతున్నాడు. నాన్న దారం చివర పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మాత్రం గీతల్లోకి రాకుండా ఇటుకల మీద కూర్చుంది.

"నాన్నా, దూరం ఆఫీసుకు వెళ్తున్నాను. నేనే అడిగాను" అని చెప్పేశాను.

నాన్న చేతిలో దారం వదులైంది. "అనుకున్నానమ్మా" అన్నాడు.

"ఏమనుకున్నావు?"

"కాగితంలో నీకు గది లేదుగా. ఇక మనతో ఉండదులే అనుకున్నాం."

"చూశారా? మరి అడగలేదేం?"

"చదువు రాకపోయినా గదులు లెక్కపెట్టడం వచ్చుగా తల్లీ. మరిచిపోయిందేమోనయ్యా అని మేస్త్రీని అడిగాను. చదువుకున్నవాళ్ళు మరిచిపోరండీ, ఆలోచించే గీస్తారు అన్నాడు. నువ్వు ఆలోచించి చేసినదాన్ని నేనెట్లా కాదంటాను?"

అమ్మ ఇటుకల మీంచే అందుకుంది. "కాగితం వచ్చినప్పట్నుంచీ ఈ మనిషికి ముద్ద దిగలేదు. అడగవయ్యా అంటే, పిల్ల మనకు అందనంత ఎదిగిందే అంటాడు. ఎదిగితే? ఎదిగినవాళ్ళకి మంచం అక్కర్లేదా?"

నా మీద జాలిపడుతూ ఇన్నాళ్ళు గడిపాను. అదే కాగితం చూసి అక్కడ నాన్న అన్నం మానుకున్నాడు.

"నాకు గది కావాలి నాన్నా" అన్నాను.

తీరా చూస్తే చోటెక్కడుంది? అడుగు కూడా వృథా కాకుండా గీసింది నేనే. నేను లెక్కలు వేస్తుంటే వదిన, "హాల్లో బంతాట ఆడతామా ఏం? అందులోంచి కొయ్యండి" అంది. ఆ మాట పూర్తి కాకముందే నాన్న హాలు గీతను కాలితో చెరపడం మొదలుపెట్టాడు. "అయ్యా ఆగండి, కొలిచి చెరుపుదాం" అని మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు ఆ హాల్లో గాలి సూటిగా పోదు. నా గది మరీ ఇరుకు. దాని కిటికీ వల్ల ముందు గోడ కాస్త మెల్లకన్నులా కనిపిస్తుంది. ఇంతకుముందు గీసిన ఇల్లే అందంగా ఉండేది, అది నాకు తెలుసు.

కొత్త ఆఫీసుకు వెళ్తున్నాను పొడుగూ. ఆ రోజు పారిపోవడానికి చెయ్యెత్తాను, ఇప్పుడు పని కోసమే వెళ్తాను. అక్కడ మళ్ళీ ఎవరూ తెలియని వీధిలో గది వెతుక్కోవాలి. తలుచుకుంటే గుబులుగానే ఉంది.

నాన్న బస్సు దాకా వచ్చాడు. బస్సు కనిపించాక అడిగాడు, "నీ గది తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా?"

"లోపలికి."

"గడియ?"

"లోపల ఒకటి చాలు. బయట వద్దు నాన్నా."

"నువ్వు లేనప్పుడు ఎట్లా మరి?"

"తెరిచే ఉంచండి. ఎవరికి కావాలంటే వాళ్ళు పడుకోండి."

సరేనని తలూపాడు. బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "మీ అమ్మ పడుకుంటుందిలే" అన్నాడు.

నీ
రూళ్ళకర్ర