మాటల పక్కన పేర్లు

ముఐథర్, బుధవారం

కాంట్రాక్టుల్లోని పాతకాలపు ఇంగ్లిషు మాటలకు తెలుగు అర్థాలు రాసుకున్న నా నోటుబుక్కు ఇవాళ మా ఆఫీసులో మేనేజర్ బల్ల మీద కనిపించింది. దాన్ని సుగుణకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. నాతోపాటే ఆఫీసులో పనిచేసే, చర్చిలో నా పక్కనే కూర్చునే మనిషి.

"నా ఉద్యోగం నేను చూసుకోవాలి కదా వదినా," అంది నేనడిగితే, కళ్ళయినా దించకుండా.

మొదట్లో, స్టేడియం పనికి గల్ఫ్‌కొచ్చిన మల్లేశం సంతకం పెట్టమని కంపెనీ ఇచ్చిన కొత్త కాంట్రాక్టు కాగితం తెచ్చినప్పుడు, అందులోని 'ఫోర్త్‌విత్' అంటే 'ఉన్నపళంగా' అని చెప్పాను.

"అంటే ఎప్పుడంటే అప్పుడు ఇంటికి తోలుతరా మేడమ్? నేనైతే సంతకం పెట్ట."

తర్వాత కూలీలుండే క్యాంపులో ఇంకా చాలామంది అడిగారు. ఎవరు ఏ మాట అడిగారో మరిచిపోకుండా పక్కన పేర్లు రాసుకున్నాను. ఎందుకు రాశానో!

సాయంత్రం మల్లేశం ఫోన్ చేశాడు. "రేపు ఆఫీసుకు రమ్మన్నరు మేడమ్. నా పేరు వాళ్లకెట్ల దెలిసింది?"

సుగుణ పేరు నోటిదాకా వచ్చింది. కానీ ఆ పేజీలో చేతిరాత నాది.