నీలిమందు కలిపిన నీళ్లు

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నెహ్రూ నగర్ ఇల్లు పూర్తయింది. గోడలన్నీ నేను పట్టుబట్టిన బూడిద ఇటుకలే. డాబా మీద పడ్డ వాన నీరంతా గొట్టంలోంచి పెరట్లోని ఇంకుడు గుంతకి చేరాలి.

చేరాలి అనే అంటున్నాను. మేస్త్రీ అప్పన్న మావ నీ స్నేహితుడే అయినా నేను నమ్మలేదు. కంపెనీ వాళ్లు సెక్టర్ 6లో నీకు క్వార్టర్ ఇచ్చిన రోజు నువ్వు ప్రతి గోడా తట్టి చూశావట కదా, ఆ బుద్ధే నాకూ వచ్చింది. మొన్న బకెట్ నీళ్లలో నీలిమందు కలిపి డాబా మీద పోసి కిందికి పరిగెత్తాను. గుంత పొడిగా ఉంది. వీధి కాలువ నీలంగా పారుతోంది.

"ఇదేటి మావా?" అని నిలదీశాను.

మావ తల గోక్కున్నాడు. "మీ నాన్నే సెప్పాడమ్మా. ఆస్పత్రిలో నా సెయ్యట్టుకొని, 'పిల్ల ఏటేటో సదివేసింది. గుంత తవ్వమంటే తవ్వు గానీ నీళ్లు కాలువకే వదిలెయ్, పునాది సెమ్మెక్కిపోద్ది' అన్నాడు. నానేటి సెయ్యను?"

గుంత ఇంటి గోడకి పన్నెండు అడుగుల దూరంలో ఉంది నాన్నా. ప్లాన్ కాగితం నీ మంచం మీద పరిచి మరీ చూపించాను. "బాగుందమ్మా" అన్నావు.

నిన్న గొట్టం మార్పించి మళ్లీ నీలిమందు పోశాను. ఈసారి గుంతలోకే వెళ్లింది. పొద్దున్న గట్టి వాన పడింది. టీ కూడా తాగకుండా గదిగదికీ వెళ్లి, గోడల అడుగున వేళ్లతో తడిమి చూశాను.

పొడిగానే ఉంది. రేపూ చూస్తాను.