తెలివైన చెరుకు

వార్డెన్ మేడమ్‌కు,

మా చెల్లి అంజలిని ఇంటికి పంపేస్తూ, బాపు వేలిముద్ర కోసం మీరిచ్చిన కాగితం చదివాను. ఇంటి దగ్గర చెరుకాకు ఆమె చేతిని కోసిందట. ఎంత తెలివైన చెరుకు! జూన్ నుంచి హాస్టల్ దాటని పిల్లను వెతుక్కుంటూ ఎల్లారెడ్డిలో మీ గేటు దాకా వచ్చిందన్నమాట.

తన చేయి తానే కోసుకుందని మీకూ తెలుసు. ప్రార్థనలో అందరికీ ఆ గాయాలు చూపించింది మీరే. అప్పటి నుంచి ఆమె పక్కన ఎవరూ కూర్చుని తినలేదు.

"చదువుకున్నోళ్లు రాసిన్రు బిడ్డా, అబద్ధమైతదా?" అంటూ బాపు వేలికి సిరా పూసుకున్నాడు. నేను తుడిచేశాను.

ఎందుకిలా చేసుకున్నావని అంజలిని అడిగాను. "గిది అడిగింది నువ్వొక్కదానివే అక్కా" అని ఏడ్చింది.

సోమవారం కామారెడ్డి డాక్టరు చీటీతో తీసుకొస్తాను. పదో తరగతి మీ హాస్టల్లోనే ఉండి చదువుతుంది. ఈసారి మీరూ అడగండి.

అంజలి అక్క