నమస్కారానికి డెబ్బై రెండు గళ్లు

జూలై 7, సోమవారం

వాన. నవాగామ్ గల్లీలో మోకాలి లోతు నీళ్లు. చెప్పులు చేత పట్టుకుని బస్సెక్కాను.

నర్సయ్య కాక పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. సాంచా మీద, అదే కరెంటు మగ్గం మీద, చెయ్యి వేయగానే షాక్ కొట్టింది... ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. బాపు, కాక ఈ గుజరాతీల ఊరికి వలస వచ్చి ఒకే ఖాతాలో, అంటే ఒకే మగ్గాల షెడ్డులో, పక్కపక్క సాంచాల మీద ఇరవై ఏళ్లు నేశారు. బాపు పనికి పోతున్నాడు గానీ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు.

సాయంత్రం కాక భార్య, మా చిన్నమ్మ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాదు, గడప మీదే కూర్చుంది. "శేఠ్ మనిషి అంటుండు, సాంచాకు కరెంటొస్తుందని నీ మొగడు మాకు ఎన్నడు చెప్పలే, చెప్తే బాగుచేపియ్యకపోదుమా అని. చెప్పిండు బిడ్డా! గోడకతికిచ్చిన చీటి మీద ఫోన్ వెట్టి, మైకుల మాట్లాడి పంపిన అన్నడు నాతోని. గది జర దొరకవట్టు."

ఈ బుధవారం కాదు, పై బుధవారం లేబర్ ఆఫీసులో విచారణ. ఆమెకు కావలసింది ఒక్కటే — ఆయన చెప్పాడని అక్కడ రాసుకోవాలి.

ఆ చీటీ మీది క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే ఫిర్యాదు ఫారం చేసింది నేను. ఖాతాల యజమానుల సంఘం కోసం, నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు తరఫున. మొబైల్ నంబరు, సమస్య — రెండే పెట్టెలు. బాపు గల్లీ అంతా చాటింపు వేశాడు, మా బిడ్డ చేసిందని. కాకకు మైకు చూపించింది కూడా నేనే. "రాయొస్తలేదని ఫికర్ ఎందుకు కాకా, మాట్లాడు, అదే తెలుగుల రాసుకుంటది."

జూలై 8

ఫారంలో వచ్చినవన్నీ చేరే డేటాబేస్ టేబుల్ తెరిచాను. వరసలు వరసలుగా ఇదే —
%E0%B0%A8%E0%B0%AE...

గుర్తొచ్చింది. మార్చిలో సంఘం గుమస్తా ఫోన్ చేశాడు. "బెహన్, యే క్యా కచరా ఆతా హై?" ఈ చెత్త ఏం వస్తోందని స్క్రీన్ ఫొటో పంపాడు. ఆ రోజు పనుల్లో ఊపిరాడటం లేదు. ఫొటో సరిగా చూడనైనా లేదు. స్పామ్ అయి ఉంటుంది, వదిలేయండి అన్నాను.

నేను అన్నాను.

జూలై 9, బుధవారం

బ్రౌజర్ మన అక్షరాలను శాతం గుర్తుల సంకేతంగా మార్చి పంపుతుంది; పంపింది పంపినట్టే దాచేసింది నా కోడ్. విప్పే లైను రాయడం మరిచిపోయాను. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినవాళ్లకు తేడా రాలేదు — 'chhat+se+paani+tapakta+hai', పైకప్పు కారుతోంది, లాంటివి గుమస్తా చదువుకున్నాడు. పైకప్పులు బాగయ్యాయి కూడా.

పైథాన్‌లో విప్పాను. ముందు unquote అనే కమాండ్‌తో. తెలుగు వచ్చింది గానీ మాటల మధ్య అన్నీ ప్లస్ గుర్తులే. unquote_plus పెడితే ప్లస్‌లు పోయి ఖాళీలు వచ్చాయి. ఒక్క లైను పని. మార్చిలో చేసి ఉంటే చాయ్ చల్లారేలోపు అయిపోయేది.

ఇప్పుడు చూడగానే పోల్చుకుంటున్నాను. E0 A4 అయితే హిందీ, E0 AA గుజరాతీ. E0 B0 మనది. తెలుగువి పంతొమ్మిది.

అన్నీ మధ్యలో తెగిపోయాయి. కోడ్‌లో తప్పనుకుని మూడుసార్లు నడిపాను. ప్రతిసారీ అదే.

జూలై 10

తప్పు కోడ్‌లో లేదు. పెట్టె వెడల్పులో ఉంది. సమస్య పెట్టెకు రెండు వందల యాభై ఐదు గళ్లు పెట్టాను... ఆలోచించి పెట్టలేదు, ఎప్పుడూ పెట్టేదే. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి. మనకు ఒక్కో అక్షరానికి తొమ్మిది, గుణింతం గుర్తుకు విడిగా ఇంకో తొమ్మిది. 'నమస్కారం' ఒక్కదానికే డెబ్బై రెండు. నిండిన తర్వాత వచ్చినదాన్ని డేటాబేస్ చప్పుడు చేయకుండా పారేసింది.

కాక నంబరుతో వెతికాను. ఉంది. పోవడానికి తొమ్మిది రోజుల ముందుది.

"నమస్కారం సార్ నేను నర్సయ్యను మా"

తర్వాత ఒక విరిగిన ముక్క, ఏ అక్షరమూ కాదు.

అంతే. బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

మిగతా పద్దెనిమిదీ ఇలాగే. దండం పెట్టారు, పేరు చెప్పారు, ఊరు చెప్పబోయారు. మనవాళ్లు విషయం ముందు చెబుతారా ఎక్కడైనా? ఎవరి కొడుకో, ఏ ఊరో, ఏ మండలమో చెప్పి, ఎదుటివాడు ఊ అన్నాకే అసలు ముచ్చట. అది మర్యాద. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను కదా, నాకెందుకు తట్టలేదు?

జూలై 11

కాక ఫోన్ చూశాను. పేజీ మూసేశాడు, ఏమీ మిగల్లేదు. సర్వర్‌లో వేరే కాపీ లేదు. ఎక్కడా లేదు.

జూలై 12, శనివారం

మా ఆఫీసు ఓనరు హితేశ్ భాయ్‌కి చెప్పాను. కుర్చీ వెనక్కి వాల్చాడు. మంచివాడే, మా అమ్మకు జ్వరం వస్తే కారు ఇచ్చిన మనిషి. "గళ్లు పెంచేయ్. పాత కచరా తీసేయ్. కిసీ కో బోల్నా మత్, ఎవరికీ చెప్పొద్దు."

గళ్లు పెంచాను. పాతవి తీయలేదు. తీశావా అంటే తల ఊపాను.

జూలై 13, ఆదివారం

బాపుకు చెప్పాను. స్క్రీన్ మీది ఆ ఒక్క ముక్కా వేలు పెట్టి చదివాడు.

"మిగిలింది నువ్వే రాయరాదు బిడ్డా."
"అట్లెట్ల రాస్త బాపూ?"
"గాయన ఏం చెప్పిండో నాకెర్క. నేను పక్కనే ఉన్న. సాంచా ముట్టుకుంటే జుమ్మంటుంది, తడి ఉంటె ఇంకింత గుంజుతుంది, ఎవరికన్న ఏమన్నయితది సారు అన్నడు."
"అయితే నువ్వే వచ్చి చెప్పు."

లుంగీ అంచు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. "రేపు గా శేఠ్ మొఖమే కదా చూసేది..." అని లేచి బయటికి పోయాడు.

కోపం వచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేను శనివారం తల ఊపినదాన్ని.

రాయడం నిమిషం పని. ఎవరూ కనిపెట్టలేరు. బాపు విన్న మాటలే, అబద్ధం కూడా కాదు... ఈ మాట నాలుగుసార్లు అనుకున్నాను.

జూలై 14

చిన్నమ్మకు చదివి వినిపించాను. నమస్కారం సార్, నేను నర్సయ్యను, మా —

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత? అన్నట్టు చూసింది.

"గంతే ఉంది చిన్నమ్మా. మిషన్ల పడలే."

కొంగు దించింది. తర్వాత తనే, కాక గొంతు ఎత్తుకుని, "మాది కరీంనగర్ దిక్కు సారు, ఇరవయ్యేండ్లాయె ఇక్కడికొచ్చి..." అని నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపైంది. "పెండ్లిచూపులకొచ్చినప్పుడు గూడ గిట్లనే బిడ్డా. అద్దగంట ఊరి ముచ్చటే. పిల్ల నచ్చిందని చెప్పనీకి చీకటి వడ్డది."

మిషన్లో పడలేదు అన్నాను. పెట్టె చిన్నది చేసింది నేనని చెప్పలేదు. స్పామ్ అన్నది కూడా నేనేనని చెప్పలేదు.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "గీ మాత్రం నువ్వన్న దొరకవడితివి."

జూలై 15

బాపు మాట్లాడటం లేదు. నేనూ.

జూలై 16, బుధవారం

పొద్దున ఎనిమిదిన్నర. పదిన్నరకు ఆటో చెప్పాం.

రెండు కాగితాలు ప్రింటు తీశాను. ఒకదాంట్లో కాక పంపింది — పై వరసలో శాతం గుర్తులతో వచ్చింది వచ్చినట్టు, కింద తెలుగులో, తేదీతో. మా దగ్గర తెగిన చోటే తెగింది. ఒక్క అక్షరం కలపలేదు. రెండోది నేను రాసిన ఉత్తరం. పెట్టె వెడల్పు ఎవరు పెట్టారు, మార్చిలో గుమస్తా ఎవరిని అడిగాడు, ఆమె ఏమన్నది. కింద సంతకం చేశాను. హితేశ్ భాయ్‌కి ఇంకా తెలియదు. ఈ రెండోది అక్కడ ఇస్తానో లేదో నాకూ తెలియదు.

బాపు షిఫ్టు ఏడింటికి. చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయి. లోపల గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేపలేదు.

చిన్నమ్మ నాకు కూడా టిఫిన్ కట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. అక్కడ ఎంతసేపు కూర్చోపెడతారో అని. ఆకలికి నేను ఆగలేనని కాక అనేవాడట.

పిలుస్తోంది. "బిడ్డా, కాయిదం వెట్టుకున్నవా?"

సంచిలో రెండున్నాయి. ఆమె అడుగుతున్నది ఒకదాని గురించే —