నాలుగు వేల ఏళ్ల నాటి పళ్లెం

అమ్మా, తవ్వకాల దగ్గర నేను కులాసాగా ఉన్నాను, దగ్గు పోయింది. నిన్న ఇసుకలో నాలుగు వేల ఏళ్ల నాటి గుండ్రటి మట్టి పళ్లెం దొరికింది. మా ప్రొఫెసరమ్మ సుహైర్ దాన్ని దేవుడి నైవేద్యం పళ్లెమని రాసేస్తుంటే నాకు నవ్వాగలేదు.

"కాదు మేడమ్! దీనిమీద గోధుమ పొట్టు చల్లి, రొట్టెపిండి పెట్టి ఎండలో పొంగిస్తారు. మా ఊరు కుఫ్త్‌లో ఇంటింటా ఇలాంటివి ఉంటాయి" అన్నాను.

"నోటిమాట చాలదు షాజ్లీ, రుజువేదీ?" అన్నారు.

భూతద్దం పెట్టి చూస్తే పళ్లెం నిండా గోధుమ పొట్టే! ఆవిడే చప్పట్లు కొట్టారు.

పోల్చి చూడ్డానికి నీ పళ్లెం ఒకటి బస్సులో పంపు. కడిగావంటే నా పరువు పోతుంది. అంటుకున్న పిండే మాకు కావాలి. మేక ఈనిందా?

ఈ పళ్లెం అంచున ఎవరో తల్లి బొటనవేలి గుర్తుంది. నీ చేతికి పెట్టాల్సిన ముద్దు, ప్రొఫెసరమ్మ చూడకుండా, దానికి పెట్టేశాను.

నీ షాజ్లీ