ఫొటో కోసం తీసిన కవర్లు

బాబాయికి,

మీరు పటం కట్టించుకున్న ఆ ఫొటో గోడ మీంచి దింపేయండి. అందులోని రెండు వందల మొక్కల్లో ఇప్పుడు ఒక్కటీ బతికి లేదు.

మీ పెరటి చెట్టు వేర్లు తమ గోడను పగలగొడుతున్నాయని పక్కింటివాళ్లు గొడవ పడితే, "మందుచెట్టు పోతే పోనివ్వండి బాబాయ్, మా ల్యాబ్‌లో దాని చిగురు ముక్కల నుంచి పెంచిన పిల్లలు సీసాల నిండా ఉన్నాయి" అన్నది నేనే. ముప్పయ్యేళ్లు ఆ బెరడుతోనే దగ్గుమందు కాచిన మీరు, "నీ సీసాల మీద నాకు నమ్మకం లేదమ్మాయ్, నీ మీద ఉంది" అని దాన్ని కొట్టనిచ్చారు.

సీసాలో పెరిగిన మొక్కకు బయటి గాలి పడదు. కుండీలోకి మార్చాక కవరు కప్పి, రోజూ కాస్త కాస్త తెరుస్తూ అలవాటు చేయాలి. కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేదాన్ని నేనే. అయినా ఫొటోలో మీకు ఆకులు బాగా కనబడాలని మొదటిరోజే కవర్లన్నీ తీసేశాను. తరవాత మీతో ఫోన్లో గొప్పలు చెప్పుకుంటూ మళ్లీ కప్పడం మరిచిపోయాను. సాయంత్రానికి అన్నీ తలలు వాల్చేశాయి. ఒక్క సీసా అయినా విడిగా దాచుకోలేదు.

కొట్టేసిన మొద్దుకు ఎక్కడైనా చిగురు కనబడితే నీళ్లు పోయండి. నేనొచ్చి బతిమాలినా సరే, నాకు మాత్రం కోసివ్వకండి.

మీ అన్నగారమ్మాయి